డప్పు, మర్ఫా, బ్యాండ్ మాట్లాడుకుంటున్నారా? బయానా ఇచ్చే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

గోదావరిఖని, రామగుండం, ఎన్టీపీసీ, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ... సింగరేణి బెల్టులో ఎటు పోయినా దరువు లేని వేడుక కనిపించదు. పెళ్లి బరాత్‌కు బ్యాండ్, బోనాలకు డప్పు, పీర్ల సవారీకి డప్పు, గణేశ్ నిమజ్జనానికి డోలు. యూనియన్ గేట్ మీటింగుకు జనాన్ని పిలిచేది డప్పే, రిటైరైన కార్మికుడిని ఇంటిదాకా సాగనంపేదీ డప్పే. మనిషి పోయిన ఇంటి నుంచి వాడకు ముందుగా కబురు చేరేది కూడా ఆ చప్పుడుతోనే.

ఇంత అవసరమైన పనిని చాలా ఇండ్లలో ఆఖరుకు వదిలేస్తారు. ఫంక్షన్ హాలును నెలల ముందే బుక్ చేస్తారు, వంట మేస్త్రీతో కూర్చొని గంటసేపు లెక్క రాయిస్తారు. డప్పు వాళ్లతో మాత్రం ఫోన్‌లో రెండే ముక్కలు: "పది మంది రావాలె, ఎంతైతది?" అక్కడే గొడవకు విత్తనం పడుతుంది. బరాత్ అయిపోయిన అర్ధరాత్రి ఇంటి పెద్ద "పది మంది అని ఆరుగురే వచ్చిన్రు" అంటాడు. జట్టు పెద్ద "రెండు గంటలని ఐదు గంటలు కొట్టించుకున్నరు" అంటాడు. చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. బయానా ఇచ్చిన రోజు అడగని ప్రశ్నే ఆ రాత్రి తగాదాగా ముందుకొస్తుంది.

ఈ ప్రాంతం వారికి పని లెక్క కొత్త కాదు. మస్టర్, షిఫ్టు, ఓవర్‌టైమ్, సేఫ్టీ అనే మాటలు ఇక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. వాయిద్యకారులను పిలిచేటప్పుడు కూడా అదే లెక్క పెట్టుకుంటే సగం చిక్కులు తీరిపోతాయి.

సందర్భం తేలాకే వాయిద్యం

"మంచిగ కొట్టేటోళ్లు కావాలె" అంటే ఎవరికీ అర్థం కాదు. ఏ పనికి, ఎక్కడ, ఎంతసేపు అన్నది తేలిన తర్వాతే ఏ వాయిద్యమో తేలుతుంది.

*డప్పు.* గుండ్రటి చట్రానికి ఒకవైపు తోలు బిగించిన వాయిద్యం. కుడి చేతిలో పొట్టిగా, లావుగా ఉండే సిర్ర, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల. కరెంటు అక్కర్లేదు, బండి అక్కర్లేదు, ఇరుకు సందులోనూ నడుస్తుంది. బోనాలు, జాతరలు, ఊరేగింపులు, ర్యాలీలు, అంతిమయాత్రలకు దీనికి సాటి లేదు. ఇప్పుడు రెండు రకాలు దొరుకుతున్నాయి. తోలు డప్పు మోత లోతుగా, నిండుగా ఉంటుంది కానీ తేమ తగిలితే మెత్తబడుతుంది, మంట దగ్గర కాచుకోవాలి. ఫైబర్ డప్పుకు వానతో పేచీ లేదు, కాచే పనీ లేదు, శబ్దం మాత్రం కీచుగా, పదునుగా ఉంటుంది. వానాకాలం కార్యమైతే ఫైబర్, నిండైన మోత కావాలంటే తోలు. జట్టు దగ్గర ఏది ఉందో అడిగి మరీ తెలుసుకోవాలి.

*మర్ఫా.* యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన కుటుంబాలు హైదరాబాద్‌కు తెచ్చిన దరువు ఇది. నగరంలో బార్కస్, ఏసీ గార్డ్స్ బస్తీలు దీనికి పేరుపడ్డాయి. ఏసీ గార్డ్స్ అన్న పేరే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. తెలంగాణ అంతటా ఇవాళ బరాత్‌లో అందరి నోటా వినిపించే "తీన్‌మార్" ఈ మర్ఫా మాటే. మూడు దెబ్బల దరువు కాబట్టి ఆ పేరు. ముస్లిం పెళ్లిళ్లలో మొదలై ఇప్పుడు అన్ని మతాల బరాత్‌లకూ పాకింది. పిలిచేటప్పుడు ఒక్క సంగతి తేల్చుకోవాలి: వచ్చేది చేతులతో, కర్రలతో వాయించే అసలు మర్ఫా జట్టా, లేక స్పీకర్ల మీద రికార్డు వేసే బండా? రెండింటికీ అదే పేరు చెప్పేవాళ్లున్నారు.

*సన్నాయి, డోలు.* పెళ్లి పందిట్లో మంగళవాయిద్యం. ఇక్కడ చూడాల్సింది శబ్దం ఎంత అని కాదు, సమయం తెలుసా అని. పురోహితుడు చెయ్యెత్తిన క్షణంలో గట్టిమేళం అందుకోవాలి, ఆగమన్నప్పుడు ఠక్కున ఆగాలి. జీలకర్ర-బెల్లం వేళ, తాళి కట్టే వేళ డోలు వాయించే మనిషి టీ తాగడానికి పోతే ఆ ఘడియ మళ్లీ రాదు. "ముహూర్తానికి గంట ముందు నుంచి పందిరి విడిచి పోవద్దు" అని ముందే చెప్పుకోవాలి.

*బ్యాండ్ మేళం, ప్యాడ్ బ్యాండ్.* పాత పద్ధతిలో ట్రంపెట్, క్లారినెట్, సైడ్ డ్రమ్, బేస్ డ్రమ్. కొత్త పద్ధతిలో బండి మీద కీబోర్డు, ఎలక్ట్రానిక్ ప్యాడ్, స్పీకర్లు, జనరేటర్. ప్యాడ్ బ్యాండ్ అయితే బండి మీ గల్లీలో పడుతుందా, మలుపు తిరుగుతుందా, పైన కరెంటు తీగలు తగులుతాయా అన్నది చూడాలి. పాత క్వార్టర్ల సందులలో బండి ఇరుక్కుని బరాత్ ఆగిపోతే చేసేదేమీ ఉండదు. డీజిల్ ఖర్చు ఎవరిదో కూడా బయానా రోజే తేలాలి.

*ఒగ్గుడోలు.* మల్లన్న, బీరప్ప కొలుపులలో ఒగ్గు పూజారుల చేతిలో ఉండే వాయిద్యం. ఇప్పుడు సభలకు, ఊరేగింపులకు కూడా ఒగ్గుడోలు విన్యాసాలు పిలుస్తున్నారు. దేవుడి పట్నం వేసే కార్యమైతే కథ తెలిసిన ఒగ్గు వాళ్లే రావాలి. స్వాగత ఊరేగింపుకైతే విన్యాస జట్టు సరిపోతుంది. ఈ రెండు పనులకు లెక్క వేరు, మనుషులు వేరు.

*నాసిక్ డోల్.* గోదావరి పుట్టిన వైపు నుంచి వచ్చిన మోత ఇది. గణేశ్ నిమజ్జనాలకు తెలంగాణ పట్టణాల్లో బాగా వాడుకలోకి వచ్చింది. ఎక్కువ మంది, పెద్ద డోళ్లు, వెడల్పు రోడ్డు కావాలి. ఇరుకు కాలనీకి ఇది నప్పదు.

*కచేరీ వాయిద్యకారులు.* ఖవ్వాలీకి తబలా, ఢోలక్, ఆర్కెస్ట్రాకు డ్రమ్ కిట్, రిథమ్ ప్యాడ్, నాట్య ప్రదర్శనకు మృదంగం. ఇక్కడ వాయించే మనిషి ఎంత గొప్పవాడన్నది సగమే. పాడేవాళ్లతో, ఆడేవాళ్లతో ముందుగా ఒక్కసారైనా కూర్చున్నాడా అన్నది మిగతా సగం. ఆ రిహార్సల్‌కు కూడా డబ్బు లెక్కలో చోటుండాలి.

ఎవరి ఆనవాయితీ ప్రకారం?

1960ల నుంచి గనులు తెరుచుకున్న కొద్దీ కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి, కోస్తా జిల్లాల నుంచి, ఉత్తరాది నుంచి కూడా జనం వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఒకే లైన్ క్వార్టర్లలో నాలుగు రకాల పెళ్లిళ్లు జరుగుతాయి. అందుకే పిల్ల వైపు, పిలగాని వైపు పెద్దలు ముందే కూర్చొని ఏ వాయిద్యం ఎక్కడ మోగాలో మాట్లాడుకోవడం మంచిది. ముస్లిం కుటుంబాల్లో కొందరు బరాత్‌కు మర్ఫా పెట్టుకుంటారు, కొందరు దఫ్‌తోనే సరిపెడతారు, కొందరు వాయిద్యమే వద్దంటారు. ఆడవాళ్లు ఢోలక్ కే గీత్ పాడుకునే రాత్రికి ఇంటి ఢోలకే చాలు, బయటి నుంచి ఎవరినీ పిలిచే పనిలేదు. రెండు వైపుల అభిప్రాయం వేరైతే ఆ సంగతి నిఖా రోజు తెలియకూడదు.

దరువులో కూడా తేడాలున్నాయి. పెళ్లికి కొట్టే దెబ్బ వేరు, అమ్మవారి ముందు కొట్టే దెబ్బ వేరు, పీర్లు లేచినప్పుడు కొట్టేది వేరు, చావుకు కొట్టేది వేరు. పెద్ద చేతులకు ఇవన్నీ వస్తాయి. సినిమా పాటల మీద మాత్రమే నేర్చుకున్న కుర్ర జట్లకు అన్నీ రావు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి నడుస్తారు. అలావా చుట్టూ తిరిగేటప్పుడు, సవారీ కదిలేటప్పుడు ఏ దరువు రావాలో పాతవాళ్లకు తెలుసు. అలాంటి కార్యానికి ఆ ఊరి జట్టునే పిలవడం మేలు.

జట్టును పరీక్షించే పద్ధతి

ఫోన్‌లో పంపిన వీడియో చూసి ఒప్పుకోవద్దు. వీడియోలో ఉన్న మనుషులే మీ ఇంటికి వస్తారన్న నమ్మకం లేదు. ఆ జట్టు ఇంకో కార్యంలో వాయిస్తున్నప్పుడు పోయి అరగంట నిలబడి వింటే చాలు. అక్కడ గమనించాల్సినవి ఇవి.

మొదటిది, అందరూ ఒక్కసారి మొదలుపెట్టి ఒక్కసారి ఆపుతున్నారా. ముందున్న మనిషి సైగ చేస్తే పది చేతులూ ఒకే దెబ్బ మీద ఆగాలి. తోకలా ఒకటి రెండు దెబ్బలు మిగిలితే కలిసి సాధన చేయని జట్టని అర్థం.

రెండోది, వేగం. నడక దరువుతో మొదలై అరగంటలో తెలియకుండానే పరుగు దరువైతే చేతిలో పట్టు లేనట్టు. నిదానంగా కొట్టడం గట్టిగా కొట్టడం కంటే కష్టం. "జర మెల్లగ ఒక దరువు వేయన్నా" అని అడిగి చూస్తే నైపుణ్యం తెలిసిపోతుంది.

మూడోది, జనాన్ని చూసి వాయిస్తున్నారా. ముసలివాళ్లు పక్క నుంచి పోతుంటే తగ్గించడం, ఆడేవాళ్లు అలసిపోతే దరువు మార్చడం, అంబులెన్స్ వస్తే వెంటనే ఆపి పక్కకు జరగడం అనుభవం ఉన్న జట్టు లక్షణం.

నాలుగోది, సామాను. తోలు ఎక్కడైనా చిట్లిందా, చట్రం వదులైందా, విడిగా ఇంకో డప్పు, ఇంకో జత పుల్లలు తెచ్చుకున్నారా. ఎండాకాలంలో తోలు మరీ బిగిసి పగిలే వీలుంది.

ఐదోది, జట్టు పెద్ద ఎవరు. మీతో మాట్లాడిన మనిషి వాయించే మనిషేనా, లేక మధ్యవర్తా? మధ్యవర్తి అయితే వచ్చేవాళ్లలో ఒకరి నంబరు కూడా తీసుకోవాలి. మీరు ఇచ్చిన మొత్తంలో వాయించే చేతికి ఎంత చేరుతుందో అడగడం తప్పు కాదు.

జట్టులో చిన్న పిల్లలు కనిపిస్తే వద్దని చెప్పాలి. 14 ఏళ్లలోపు పిల్లలను పనికి పెట్టుకోవడం చట్టానికి విరుద్ధం. రాత్రి బరాత్‌లో లైట్లు మోసే పిల్లల విషయంలోనూ ఇదే చూసుకోవాలి.

ఎప్పుడు అడగాలి

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలకు మంచి జట్లు ముందే నిండిపోతాయి. శ్రావణంలో పెళ్లిళ్లు, బోనాలు కలిసి వస్తాయి. వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా, మొహర్రంలో పీర్ల రోజుల్లో, సమ్మక్క-సారలమ్మ జాతర రోజుల్లో డప్పు జట్లకు తీరిక ఉండదు. మొహర్రం చంద్రమానం మీద నడుస్తుంది కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఒక్కో ఏడాది అది పెళ్లి ముహూర్తాలతో కలుస్తుంది. తేదీ పెట్టుకునే ముందు రెండు క్యాలెండర్లూ చూసుకుంటే మంచిది. ఒకే రోజు రెండు కార్యాలు ఒప్పుకుని జట్టును రెండుగా చీల్చే అలవాటు కొందరికి ఉంటుంది. "ఆ రోజు మా పని ఒక్కటేనా?" అని సూటిగా అడగాలి.

డబ్బు లెక్క

ధర ఊరిని బట్టి, సీజన్‌ను బట్టి, మనుషులను బట్టి మారుతుంది. అందుకే మొత్తం ఒక్క అంకె చెప్పించుకుని ఊరుకోవద్దు. అందులో ఏమేమి కలిసి ఉన్నాయో విడదీసి అడగాలి:

- ఎంతమంది, ఏ ఏ వాయిద్యాలు
- ఎన్ని గంటలు, ఎప్పటి నుంచి లెక్క
- గంట దాటితే అదనంగా ఎంత
- రాకపోకల ఖర్చు, సామాను బండి కిరాయి ఎవరిది
- తిండి, రాత్రయితే పడుకునే చోటు ఎవరు చూడాలి
- బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, ఎవరి చేతికి

ఇద్దరు ముగ్గురిని అడిగి పోల్చుకోవచ్చు. కానీ అందరికంటే తక్కువ చెప్పిన జట్టు తక్కువ మందితో రావచ్చు, లేదా ఆ రోజు ఇంకోచోట ఎక్కువ వస్తే అటు పోవచ్చు. బేరం ఆడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పని ఏడాదంతా ఉండేది కాదు. ముహూర్తాలున్న నాలుగు నెలల సంపాదన మిగతా నెలలను కూడా నడిపించాలి. డీజే బండ్లు వచ్చాక ఆ నాలుగు నెలల పని కూడా చాలా జట్లకు తగ్గింది.

ఈనాం సంగతి వేరుగా ఉంచాలి. బరాత్‌లో నోట్లు ఎగరేస్తే వాటి కోసం వంగిన మనిషి చేతిని, డప్పును జనం తొక్కే ప్రమాదం ఉంది. ఇవ్వదలచిన వాళ్లు జట్టు పెద్ద చేతిలో పెడితే అందరికీ పంచుకుంటారు. ఈనాం వచ్చింది కదా అని ఒప్పుకున్న మొత్తంలో కోయడం న్యాయం కాదు.

మిగతా డబ్బు కార్యం అయిన వెంటనే, అక్కడే ఇవ్వాలి. "రేపు ఇంటికి రా" అంటే ఆ మనిషి ఒక రోజు పని పోగొట్టుకుని రావాలి. పెళ్లింట్లో డబ్బు ఎవరి దగ్గర ఉందో తెలియని గందరగోళం మామూలే. అందుకని ఆ మొత్తాన్ని ముందే కవర్లో పెట్టి ఒక మనిషికి అప్పగించాలి, ఆ మనిషి పేరు జట్టుకు చెప్పాలి.

గంటలు, నీళ్లు, నీడ

గనిలో ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైమ్ రాయించుకునే ఇంట్లోనే "ఇంకొక్క పాట, ఇంకొక్క పాట" అంటూ డప్పు వాళ్లతో రెండు గంటలు అదనంగా కొట్టిస్తారు. ఒప్పుకున్న సమయం అయిపోయాక అదనపు గంటకు డబ్బు ఇవ్వాలి, లేదా ఆపమనాలి. మధ్యలో విరామం కూడా లెక్కలో భాగమే. గంటకోసారి పది నిమిషాలు ఆగితే తర్వాతి గంట దరువు బాగుంటుంది. లేకపోతే చేతులు పడిపోతాయి, వేళ్లకు బొబ్బలు లేస్తాయి.

రామగుండం ఎండ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులు ఉంటాయి. వైశాఖ ముహూర్తానికి మధ్యాహ్నం ఎదురుకోలు పెట్టుకుంటే పెళ్లివాళ్లు గొడుగు కింద, కూలర్ ముందు ఉంటారు. డప్పు జట్టు మాత్రం తారు రోడ్డు మీద నిలబడి ఉంటుంది. వాళ్లకు చల్లటి నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్, నిలబడటానికి నీడ ఏర్పాటు చేయడం ఇంటివాళ్ల బాధ్యత. వీలైతే ఊరేగింపును పొద్దుగూకిన తర్వాతకు జరపాలి.

చెవుల సంగతి చాలామంది మరిచిపోతారు. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్లు దాటిన మోతలో పనిచేస్తే వినికిడి దెబ్బతింటుందని భద్రతా నిపుణులు చెబుతారు. మోత పెరిగిన కొద్దీ చెవి తట్టుకునే సమయం వేగంగా తగ్గుతుంది. స్పీకర్ బండి వెనకే నడిచే డప్పు మనిషికి రెండు మోతలూ పడతాయి. బండికి, జట్టుకు మధ్య దూరం ఉంచాలి. ఇయర్ ప్లగ్గులు తెప్పించి పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. పసిపిల్లలను స్పీకర్ల ముందు ఎత్తుకుని నిలబడవద్దు.

రోడ్డు మీద

గోదావరిఖని మీదుగా రాజీవ్ రహదారి పోతుంది. బొగ్గు లారీలు, బూడిద ట్యాంకర్లు రాత్రంతా తిరుగుతాయి. ఊరేగింపులో అందరికంటే ముందు లేదా అందరికంటే వెనక ఉండేది వాయిద్య జట్టే. చీకట్లో వాళ్ల వీపు వైపు నుంచి లారీ వస్తే మోతలో హారన్ వినపడదు. అందుకే ముందు ఒకరు, వెనక ఒకరు టార్చ్‌తో, మెరిసే జాకెట్‌తో నడవాలి. గనికి వేసుకుపోయే జాకెట్ ఇంట్లోనే ఉంటుంది. వీలైనంతవరకు పెద్ద రోడ్డు వదిలి కాలనీ లోపలి దారిలో నడిపించాలి. డప్పు కాచే మంటను షామియానాకు, పార్కింగ్‌కు, టపాసుల సంచికి దూరంగా, ఒక బకెట్ నీళ్లు పక్కన పెట్టుకుని వేయాలి.

చప్పుడుకు హద్దు

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశంలో లౌడ్ స్పీకర్లే కాదు, వాయిద్యాలు కూడా మోగించకూడదు. పండుగలు, సాంస్కృతిక వేడుకల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. అది ఇంటి పెళ్లికి దానంతట అది వర్తించదు. నివాస ప్రాంతంలో పగటిపూట హద్దు 55 డెసిబెళ్లు, రాత్రి 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల దాకా నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది. సింగరేణి ఏరియా ఆసుపత్రి ముందు నుంచి పోయే బరాత్ అక్కడ చప్పుడు ఆపి నడవడం చట్టం కోసం ఎంతో, లోపల పడుకున్న మనిషి కోసం కూడా అంతే. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఊరేగింపు, మైకు ఉంటే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. అది ఇంటివాళ్ల పని. రాత్రి పోలీసులు వచ్చి ఆపితే సామాను పోయేది వాయిద్య జట్టుకు.

ఈ బెల్టుకు మాత్రమే ఉన్న సమస్య ఇంకొకటి ఉంది. ఇక్కడ పగలు పడుకునేవాళ్లు ఎక్కువ. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి పొద్దున పడుకుంటే మధ్యాహ్నం దాకా లేవడు. ఆ నిద్ర చెడితే మళ్లీ రాత్రికి గనిలో దిగేటప్పుడు కళ్లు మూసుకుపోతాయి. రూఫ్ కింద, మెషీన్ పక్కన కునుకు పడితే ఏమవుతుందో ఇక్కడి ఇల్లాళ్లకు తెలుసు. చట్టంలో పగటి నిద్రకు గంట రాసి లేదు కానీ కాలనీలో ఇరుగుపొరుగు మర్యాద ఉంది. లైన్‌లో ఎవరెవరు నైట్ షిఫ్టులో ఉన్నారో ఒకరోజు ముందు అడిగి, వాళ్ల ఇంటి ముందు దరువు ఆపి నడవమని జట్టుకు చెబితే చాలు. మసీదు ముందు నమాజు వేళ, గుడి ముందు హారతి వేళ, పరీక్షల రోజుల్లో బడి ముందు కూడా ఇంతే. దారి గీసి, ఎక్కడెక్కడ ఆపాలో జట్టు పెద్దకు ముందే చూపించాలి.

పిలుపు, పంక్తి, మందు

పల్లెల్లో డప్పు చాలా కాలం మాదిగ కుటుంబాల మీద మోపిన వెట్టి. చావు కబురుకు, ఊరి చాటింపుకు, జాతరకు పిలవగానే పోవాలి. కూలి అడిగే హక్కు లేదు, ఇచ్చిన గింజలతో తృప్తి పడాలి. రాజ్యాంగంలోని 23వ అధికరణ వెట్టిని నిషేధించింది, 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఎస్సీ, ఎస్టీలతో బలవంతంగా వెట్టి చేయించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం ఇదే డప్పును ఆత్మగౌరవ గుర్తుగా భుజానికెత్తుకుంది. ఇప్పుడు డప్పు పట్టుకున్న చేయి ఇష్టపడి ఎంచుకున్న పని చేస్తోంది. ఆ పనిని కళగా, కూలీగా, రెండు విధాలా గౌరవించాలి.

ఆచరణలో ఇది చిన్న చిన్న విషయాల్లో కనిపిస్తుంది. "ఒరేయ్" అని కాకుండా అన్నా, తమ్మీ, భాయ్ అనో, పేరు పెట్టో పిలవడం. అందరూ తిన్నాక మిగిలింది పొట్లం కట్టి ఇవ్వకుండా అదే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడం. కడుపు నిండా తిని వెంటనే వాయించడం కష్టం కాబట్టి ఎప్పుడు తింటారో వాళ్లనే అడగడం. బట్టలు మార్చుకోవడానికి, సామాను పెట్టుకోవడానికి గది చూపించడం. జట్టులో ఆడవాళ్లుంటే వాళ్లకు వేరుగా గది, బాత్రూమ్ తప్పనిసరి. ఆడే జనం వాళ్ల మీద పడకుండా చూసే మనిషిని కూడా పెట్టాలి.

మందు పోసి కొట్టించే అలవాటును మానాలి. కూలిలో కొంత మందుగా ఇవ్వడం పాత వెట్టికి కొత్త రూపమే. తాగిన చేతిలో దరువు తప్పుతుంది, రోడ్డు మీద అడుగు తప్పుతుంది. "మా దగ్గర మందు ఉండదు, దానికి బదులు డబ్బే ఇస్తం" అని బయానా రోజే చెబితే ఎక్కువ జట్లు సంతోషిస్తాయి. ఇంటివైపు కుర్రాళ్లు తాగి డప్పు లాక్కుని కొట్టబోతే ఆపాల్సింది కూడా ఇంటి పెద్దే. తోలు పగిలితే దాని ఖరీదు ఇవ్వాలి.

చావు ఇంటికి

ఇక్కడ బయానా, పరీక్ష, పోల్చుకోవడం ఏవీ కుదరవు. కబురు పోయిన గంటలో జట్టు రావాలి. అందుకే దుఃఖంలో ఉన్న కుటుంబం కాకుండా, దూరపు బంధువో, పక్కింటి మనిషో ఈ పని చూసుకోవాలి. ఎప్పుడు లేపుతారు, ఎంత దూరం, శ్మశానం దాకా రావాలా, దారిలో ఎక్కడ ఆగుతారు అన్న నాలుగు మాటలు చెబితే చాలు. దూరం నుంచి కొడుకో బిడ్డో వచ్చేదాకా ఆగాల్సి వస్తే ఆ వేచి ఉన్న గంటలు కూడా పని గంటలే. రాత్రంతా కూర్చున్న వాళ్లకు టీ, పొద్దున ఏదో ఒకటి తినడానికి ఇవ్వాలి. ఆ రోజు ఇచ్చే డబ్బు గురించి తర్వాత పంచాయితీ పెట్టడం పోయిన మనిషికి గౌరవం కాదు.

ఒక చిన్న చీటీ

ఒప్పందం అంటే స్టాంపు పేపర్ అక్కర్లేదు. నోటుబుక్కులో చింపిన కాగితం చాలు, వాట్సాప్‌లో పంపిన మెసేజ్ అయినా సరే. చదువు రాని వాళ్లుంటే చదివి వినిపించి, అదే మాటలు వాయిస్ మెసేజ్‌గా పంపాలి. ఉర్దూలో మాట్లాడుకున్నా, తెలుగులో మాట్లాడుకున్నా రెండు వైపులా ఒకే మాట చేరాలి. చీటీలో ఇవి ఉంటే సరిపోతుంది:

1. తేదీ, చేరాల్సిన సమయం, చిరునామా, గుర్తు
2. మనుషుల సంఖ్య, వాయిద్యాలు, జట్టు పెద్ద పేరు, నంబరు
3. మొదలు, ముగింపు, విరామాలు, అదనపు గంట రేటు
4. మొత్తం, బయానా, మిగతాది ఇచ్చే మనిషి పేరు
5. ఊరేగింపు దారి, చప్పుడు ఆపాల్సిన చోట్లు
6. భోజనం, నీళ్లు, రాకపోకలు ఎవరివి
7. వాన వస్తే, ముహూర్తం మారితే, కార్యం ఆగిపోతే బయానా ఏమవుతుంది
8. జట్టు రాలేకపోతే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, బదులు ఎవరిని పంపాలి

ఏడో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. కార్యం ఆగిపోతే ఆ రోజుకు జట్టు ఇంకో పని వదులుకుని ఉంటుంది కాబట్టి బయానా వాళ్లకే వదిలేయడం న్యాయం. జట్టే రాకపోతే బయానా తిరిగి ఇవ్వాలి.

మనుషులు తక్కువ వస్తే అక్కడికక్కడే లెక్కపెట్టి చీటీలో రాసుకుని, మొదలుపెట్టే ముందే తగ్గించే మొత్తం మాట్లాడుకోవాలి. అంతా అయిపోయాక అర్ధరాత్రి రోడ్డు మీద అడిగితే పని చేసిన మనిషికి కోపం వస్తుంది, ఇచ్చే మనిషికీ కోపం వస్తుంది. కార్యం బాగా జరిగితే జట్టు పెద్ద నంబరును పేరుతో సహా దాచుకుని, అడిగిన నలుగురికి ఇవ్వాలి. ఈ పనిలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరే మంచి మాటే వాళ్లకు వచ్చే సీజన్ బయానా.